వైన్స్ షాపులో వైన్ దొరకదు

మా గుంటూరులో ఏ పేటకు వెళ్ళినా ‘వైన్స్’ అని ఒక బోర్డు కనిపిస్తుంది. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము, వోడ్కా, బీరు అన్నీ ఉంటాయి. వైన్ ఉందా బాబూ అని అడిగితే కౌంటర్లో కుర్రాడు ముందు నవ్వుతాడు. తర్వాత పై అరలో దుమ్ముకొట్టుకుపోయిన సీసా ఒకటి దించి, “ఇదొక్కటే ఉందండీ, తియ్యగా ఉంటది, ఆడవాళ్ళు తాగేది” అంటాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఆ సీసా ఎన్ని వేసవులు నిలబడి ఉడికిందో దాని రంగే చెబుతుంది. అడిగింది ఆడమనిషే అన్న సంగతి వాడికి ఆలస్యంగా తడుతుంది. “మీకా అండీ?” అని గొంతు తగ్గిస్తాడు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూస్తారు.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. నేను తాగింది పాలు కాదు కాబట్టి అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ బోర్డుతో.

మన భాషలో మందు అంటే జ్వరమొస్తే వేసుకునేది, మిరపచేలో కొట్టేది, తుపాకీలో కూరేది, సాయంత్రాలు తాగేది. నాలుగింటికీ ఒకటే మాట. ఇందులో మొదటి మూడింటి రుచి ఎవరూ అడగరు, నాలుగోదాని రుచీ అడగరు. మందంటే చేదుగా ఉండాలి, కళ్ళు మూసుకుని మింగాలి, పని చెయ్యాలి. మా వీధిలో ఇద్దరు మగవాళ్ళు మందు గురించి మాట్లాడుకుంటుంటే వినండి. ఎంత రేటు, ఎంత కిక్కు, తెల్లారి తలనొప్పి ఉందా లేదా. మూడు ప్రశ్నలు, అంతే. పెళ్ళిలో పప్పు మాడు వాసనొస్తే ఇరవై ఏళ్ళు చెప్పుకునే జాతి, సీసాలో ఏముందో దేన్నుంచి తీశారో ఒక్కనాడూ అడగదు. తాగేవాడు మత్తనుకున్నాడు, సంఘం పాపమనుకుంది, సర్కారు ఆదాయమనుకుంది. వాళ్ళలో వాళ్ళకు ఎన్ని తగాదాలున్నా, రుచితో పనిలేదన్న సంగతిలో ముగ్గురూ ఒక్కటే. మన తాగుడు ఇంత మోటుగా ఉండటానికి ఆ ఒప్పందమే కారణమని నా వాదన.

నేనెవరినో ముందే చెప్పేస్తాను. నాకు 54 ఏళ్ళు. బ్యాంకులో 28 ఏళ్ళు పనిచేసి బయటికొచ్చాను. 1992లో, డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ, అక్షరాస్యత వాలంటీరుగా రాత్రిబడిలో ఆడవాళ్ళకు చదువు చెప్పాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారన్న వార్త ఆ ఏడాదే మా దాకా వచ్చింది. మా పక్క ఊళ్ళలోనూ ఊరేగింపులు మొదలయ్యాయి. నేనూ నడిచాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. మా మేనమామను సారా తినేసింది. ఆ కసి నాకు ఇప్పటికీ ఉంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమల్లోకి వచ్చినప్పుడు మా అమ్మ ఇంట్లో దీపం పెట్టింది. అలాంటిదాన్ని ఇవాళ ద్రాక్షతోటలు చూడ్డానికి సెలవులు పెట్టుకుని, డబ్బు పోసుకుని తిరుగుతున్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని మా వదిన అడిగింది. జవాబు నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మొదలు షిర్డీలో. అవును, షిర్డీలోనే. ప్రతి గుంటూరు కుటుంబంలాగే మేమూ విజయవాడలో రైలెక్కి బాబా దర్శనం చేసుకుని, అక్కణ్ణుంచి త్ర్యంబకేశ్వరం, పంచవటి చూద్దామని నాసిక్ వెళ్ళాం. దార్లో డ్రైవరు, “సాబ్, వైనరీ దేఖ్నా హై?” అన్నాడు, వైన్ చేసే తోట చూస్తారా అని. మా ఆయన నా వైపు చూశారు. గుడి నుంచి వస్తూ ఏమిటిదని నేను కోప్పడతాననుకున్నారట. నేను మాత్రం తోట చూద్దామన్నాను. నాకు తోటలంటే అంత పిచ్చి.

మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. చిన్నప్పుడు బడి సెలవుల్లో యార్డుకు తీసుకెళ్ళేవారు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కోసి గుప్పెడు కాయలు తీసి ఆయన చేసే పని నాకు కళ్ళకు కట్టినట్టుంది. ముందు చేతిలో నొక్కి తేమ చూస్తారు. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. కాయ విరిచి, ఎండలో రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఒక్క మాట మాట్లాడకుండానే ఇది సన్నమా, తేజానా, 334ఆ, బ్యాడిగా, నల్లరేగడిదా ఎర్రనేలదా, తాలు ఎంత కలిసింది, అన్నీ తేలిపోతాయి. తేజ నోరు కాలుస్తుంది, బ్యాడిగి రంగే గానీ కారం కాదు, సన్నానికి పేరే వేరు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాయ రకం, నేల, ఆ ఏటి వాన, ఆరబెట్టిన తీరు, ఈ నాలుగూ కలిస్తేనే సరుకు. ఫ్రెంచివాళ్ళు దీన్ని ‘తెర్వార్’ అంటారని, ఆ మాట మీద గ్రంథాలు రాశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాన్నకు తెలిసుంటే, “దానికి పుస్తకమెందుకమ్మా, ముక్కుంది కదా” అనేవారు.

నాసిక్‌లో గంగాపూర్ డ్యామ్ వైపు ఒక వైనరీలో మమ్మల్ని బల్ల ముందు నిలబెట్టి అయిదు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశారు. మొదటిది తెల్లది, సావిన్యాఁ బ్లాఁ. చెప్పేవాడు చక్కని కుర్రాడు, ఇంగ్లీషులో గడగడా వల్లిస్తున్నాడు. ఇందులో గూజ్‌బెర్రీ వాసన ఉంటుంది, గమనించండి అన్నాడు. గూజ్‌బెర్రీ అంటే మనకు ఉసిరికాయ కదా. నేను ఉసిరికాయ కోసం ఆ గ్లాసంతా వెతికాను, దొరకలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళ గూజ్‌బెర్రీ వేరే పండట. ఆ పండు ఆ కుర్రాడూ తినుండడు, ఆ రోజు బల్ల ముందున్న మరాఠీలం తెలుగువాళ్ళం ఎవరమూ తినుండం. తినని పండు వాసన, రాని వాసనలో వెతుక్కుంటూ అందరం తలలూపాం.

నాకు మాత్రం ఆ గ్లాసులో పచ్చిమిరపకాయ తగిలింది. అప్పుడే తుంచినది, తొడిమ దగ్గర వచ్చే ఆ పచ్చి వాసన. భయపడుతూ చెప్పాను. మా ఆయన మోచేత్తో పొడిచారు, పరువు తియ్యకే అన్నట్టు. కుర్రాడు మాత్రం ఆగి, “క్యాప్సికం అంటారు మేడమ్, కరెక్టే” అన్నాడు. ఇంటికొచ్చాక చదివితే అది ఊహ కాదని తెలిసింది. మెథాక్సీపైరజీన్ అనే రసాయనాల జాతి ఒకటి క్యాప్సికంలోనూ ఉంటుంది, పచ్చిమిర్చిలోనూ ఉంటుంది, సావిన్యాఁ బ్లాఁ ద్రాక్షలోనూ ఉంటుంది. లీటరుకు గ్రాములో వందకోట్ల వంతు లెక్కల్లో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఎర్ర వైన్లలో రారాజనిపించుకున్న కాబెర్నే సావిన్యాఁలోనూ అదే జాడ ఉంటుంది, ఎందుకంటే అది సావిన్యాఁ బ్లాఁకీ కాబెర్నే ఫ్రాఁకీ పుట్టిన బిడ్డ. ఆ సంగతి 1997లో డీఎన్ఏ పరీక్ష చేసి కాలిఫోర్నియాలో తేల్చారు. అప్పటిదాకా వందల ఏళ్ళు తాగినవాళ్ళకు తల్లీబిడ్డల సంబంధం తెలియలేదు!

ఆ ఒక్క పచ్చిమిరపకాయతో నాకు ధైర్యం వచ్చింది. అరువు మాటలు వదిలేశాను. నా నోట్‌బుక్కులో ఇప్పుడు వైన్ల పక్కన రాసుండేవి ఇవీ: కొత్త కుండలో నీళ్ళు. మాగిన తాటిపండు. తేగ కాల్చిన పొగ. కుంకుడుకాయ నురగ (ఇది తిట్టు). చిన్నరసం తొక్క, టెంక కాదు. తొలకరికి తడిసిన దుమ్ము. నూజివీడు తోటలో చిన్నరసానికీ పెద్దరసానికీ కళ్ళకు గంతలు కట్టినా తేడా చెప్పగల నాలుకలు మనవి. షెనిన్ బ్లాఁ, సిరా, వియోనియే అనగానే ఎందుకు బెదిరిపోతామో నాకర్థం కాదు. అవీ పండ్ల రకాలే. వాటికీ అంటు కడతారు. నాసిక్ తోటల్లో తీగ పైభాగం యూరోపుది, కింద వేరు ఎక్కువగా డాగ్‌రిడ్జ్ అనే అమెరికా మొండిజాతి, ఉప్పునేలనూ నీటి కొరతనూ తట్టుకుంటుందని. మన మామిడి అంటు లాంటిదే సంగతి.

నాసిక్‌లో నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది గ్లాసు కాదు, కత్తెర. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. మన ఎండల్లో దానికి నిద్రుండదు, వదిలేస్తే ఏడాదికి రెండు కాపులు కాస్తుంది. అందుకని ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరు అక్టోబరుల్లో ఇంకోసారి కత్తిరించి, కోత జనవరి నుంచి మార్చి మధ్యకు వచ్చేలా రైతు దాన్ని మలుపుకుంటాడు. ప్రపంచమంతా ద్రాక్షకు సూర్యుడు చాలక ఏడుస్తుంటే మనవాళ్ళు సూర్యుణ్ణి ఆపడానికి కత్తెర పట్టారు. ఆ తోటల్లో ఎక్కువ భాగం తినే ద్రాక్షే, థామ్సన్ సీడ్‌లెస్. వైన్‌కు పోయేది అందులో చిన్న వాటా. 1999లో సూలా అనే వైన్ కంపెనీ మొదలైంది, 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. కారణం మామూలుదే: రేటు పడిపోయిన ఏడు రైతు ద్రాక్ష రోడ్డుపాలు కాకూడదు. వైన్‌ను వాళ్ళు పంటలో భాగంగా లెక్కేశారు, మనకేమో అది ఎక్సైజు శాఖ వ్యవహారం. గోదావరి పుట్టే చోట ఒక లెక్క, ధవళేశ్వరం దిగిన చోట ఇంకో లెక్క.

మనకు ద్రాక్ష లేదనుకోకండి. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ ఒకప్పుడు దేశమంతా పేరుమోసిన పండు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి నాటాడంటారు. ఇప్పుడా తోటల చోట అపార్టుమెంట్లున్నాయి. గుంటూరులో క్రిస్మస్ ముందు మా వీధి చివర ఒకామె నల్లద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు వేసి జాడీలో వైన్ పెడుతుంది. ఆ గింజల నల్లద్రాక్ష బెంగుళూరు బ్లూ. అమెరికా జాతి రక్తం ఉన్నది కాబట్టి దానికి ఒక గాఢమైన వాసన ఉంటుంది, చూయింగ్ గమ్ముల్లో ‘ద్రాక్ష’ అని వచ్చే వాసనలాంటిదే. వైన్ పండితులు దాన్ని ఈసడిస్తారు. ఆమె జాడీకి మూత తీసిన రోజు మా వీధంతా పండగ. గుంటూరులో వైన్ అనే మాటకు మర్యాద మిగిలున్నది చర్చిలోనూ, ఆమె వంటింట్లోనూ మాత్రమే.

మన విస్కీ సంగతి రెండు ముక్కల్లో. యూరోపులో విస్కీ అనాలంటే ధాన్యం నుంచి తియ్యాలి, చెక్క పీపాలో కనీసం 3 ఏళ్ళు మాగాలి. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలా భాగం చెరకు మొలాసిస్ స్పిరిట్‌తో చేసిందే. రంగూ వాసనా తర్వాతి పని. సీసా మీద 42.8 శాతం అని ఉండే ఆ వింత అంకె తెల్లవాళ్ళ కాలంలో మద్యం ఘాటు కొలిచిన 75 డిగ్రీల ప్రూఫ్ లెక్క. వాళ్ళు పోయారు, లెక్క ఉండిపోయింది. చేతకాక కాదు. 2004లో బెంగుళూరు అమృత్ వాళ్ళు బార్లీతో తీసిన తమ సింగిల్ మాల్ట్ విస్కీని ఏకంగా స్కాట్లాండులో, గ్లాస్గోలో విడుదల చేశారు. పీపాలోంచి ఏటా ఆవిరై పోయే భాగాన్ని దేవదూతల వాటా అంటారు. అది స్కాట్లాండులో 2 శాతమైతే బెంగుళూరులో 10 నుంచి 12. ఆ లెక్కన మా గుంటూరులో పీపా పెడితే దేవదూతలే మొత్తం తాగేసి ఖాళీ పీపా వదిలిపెడతారు.

ఇక జార్జియా. మా అమ్మాయి టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. మన జిల్లాల పిల్లలు అక్కడ ఎంతమంది అంటే, బజార్లో నడుస్తుంటే ‘ఒరేయ్’ అన్న కేక వినిపిస్తుంది. పిల్లను చూడ్డానికి వెళ్ళి, పచ్చళ్ళ సంచి దింపి, మర్నాడే ద్రాక్షతోటల సీమ కఖేటి వెళ్దామన్నాను. “అమ్మా, అందరి అమ్మలూ వచ్చి హాస్టల్ రూము సర్దుతారు, నువ్వేంటి?” అంది. సర్దాకే వెళ్ళాం లెండి.

సిగ్నాగి కొండమీద నిలబడితే కింద అలజాని లోయంతా ద్రాక్షే. ఎదురుగా కాకసస్ మంచుగోడ. కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని, కనుచూపుమేర ఒకే పంట నాకు కొత్త కాదు. అయినా కాసేపు మాట రాలేదు. ఆ దేశంలో 500కు పైగా సొంత ద్రాక్ష రకాలున్నాయి. 8,000 ఏళ్ళ కిందటి కుండపెంకుల్లో వైన్ జాడలు దొరికాయి. పెద్ద పెద్ద మట్టి జాడీలు, క్వెవ్రిలు, మెడ దాకా నేలలో పాతేసి ఉంటాయి. లోపల తేనెమైనం పూత. అందులో ద్రాక్షరసాన్ని తొక్కతో, గింజతో, ఒక్కోచోట కాడతో సహా పోసి, పులిశాక రాతి మూత పెట్టి మట్టితో మెత్తుతారు. అయిదారు నెలలు ముట్టుకోరు. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వంగా గుర్తించింది. తెల్లద్రాక్షే, ర్కట్సితెలి, బయటికొచ్చేసరికి రాగి రంగు. నోట్లో పోస్తే నాలుకను పట్టుకుని వగరు.

ఆ ఇంటి పెద్దాయన మూత తీస్తుంటే నాకు మా అమ్మ ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పుతున్నట్టే ఉంది. నేనా మాట అంటే మా అమ్మాయి ఆయనకు వచ్చీరాని జార్జియన్‌లో చెప్పింది. టెంక లేకుండా ఆవకాయ పెట్టేవాళ్ళున్నారా మీ దేశంలో అని ఆయన అడిగాడు. ఉన్నారు, మేం వాళ్ళింట్లో తినం అన్నాను. తొక్కా గింజా తీసేసి వైన్ చేసేవాళ్ళ గురించి ఆయన అభిప్రాయమూ అదేనట. మిగిలిన తొక్కును చాచా అంటారు, దాన్ని బట్టీ పెట్టి తీసిన సారానూ చాచా అనే అంటారు. నిప్పులా ఉంటుంది. అది ఒక్క గుక్క రుచి చూసి పక్కన పెట్టాను. ఆ ఘాటు వాసన మా మావయ్య చొక్కాది. అక్కడ నా పర్యాటకం కాసేపు ఆగిపోయింది.

వాళ్ళ విందును సుప్రా అంటారు. తమదా అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన లేచి మాట్లాడితే గానీ గ్లాసు ఎత్తకూడదు. పోయినవాళ్ళ కోసం, పిల్లల కోసం, వచ్చిన అతిథి కోసం, ఒక్కోటీ ఒక ప్రసంగం. మధ్యలో రొట్టె, జున్ను, వంకాయలో అక్రోటు ముద్ద. వాళ్ళు తక్కువ తాగుతారని నేననను, ఎక్కువే తాగుతారు. కానీ ఎవరూ చీకట్లో గోడవైపు తిరిగి తాగడం చూడలేదు. అమ్మమ్మలూ మనవలూ అదే బల్ల దగ్గర. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో అక్కడ ద్రాక్షతోటలు పీకేశారని ఆ పెద్దాయన చెప్పాడు. తోటలు పోయాయిగానీ తాగుడు పోలేదు, ఇంటి వెనక బట్టీలు పెరిగాయి అన్నాడు. నేను నవ్వాను. నా పెళ్ళి 1995లో, ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం నడుస్తున్న ఏడు. జనవరి 16న మొదలైంది అది. మా ఆయన తరఫు కుర్రాళ్ళు అంబాసిడరు కట్టుకుని యానాం వెళ్ళొచ్చారు. డిక్కీలో కొబ్బరికాయల కింద ఏముందో పురోహితుడితో సహా అందరికీ తెలుసు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ రెండేళ్ళలో ఎవరి నాలుకా మారలేదు, కిక్కు మాత్రం ఖరీదైంది.

ఇదంతా విని నా పాత స్నేహితురాలు నన్ను కడిగేసింది. రాత్రిబడి రోజుల తోడు, ఇప్పటికీ పల్లెల్లో పనిచేస్తోంది. “ఏమే, యార్డులో పొద్దుణ్ణుంచీ టిక్కీలు మోసినవాడికి సాయంత్రం రుచి కావాలా, వీపు నొప్పి తెలియకుండా ఉండటం కావాలా? నీకు నాలుక మిగిలింది, వాళ్ళకు ఒళ్ళే మిగల్లేదు. నీ ర్కట్సితెలి ఎన్ని కూలీలే?” అంది. నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా నాన్న యార్డులో ఆ టిక్కీలు మోసినవాళ్ళను చూశాను, సాయంత్రం వాళ్ళు ఎటు నడిచేవాళ్ళో కూడా చూశాను. రుచి నేర్పితే తాగుడు తగ్గుతుందని వాళ్ళకు చెప్పడానికి నాకు మొహం చాలదు. అయితే ఒక సంగతి ఆమెకు గుర్తుచేశాను. ఆ కూలివాడికీ ఒకప్పుడు నాలుక ఉండేది.

మా మావయ్య నాలుక నాకు తెలుసు. రేపల్లె పక్క ఊరు వాళ్ళది. వేసవి సెలవులకు వెళితే పొద్దున్నే గీత కార్మికుడు మోకు నడుముకు తగిలించుకుని తాటిచెట్టెక్కుతుంటే చూసేవాళ్ళం. గెలను కత్తితో పల్చగా గీసి లొట్టి, అంటే కల్లుకుండ, కడతాడు. పిల్లలకు సున్నం పూసిన లొట్టిలోంచి పులవని నీరా. సున్నముంటే పులుపెక్కదు. సున్నం లేని లొట్టిలో చెట్టు మీదుండగానే పులవడం మొదలవుతుంది. పొద్దుటిది తియ్యగా, మధ్యాహ్నానిది కాస్త నురగతో, సాయంత్రానికి ఘాటుగా, మర్నాటికి పారబొయ్యాలి. మావయ్య ఒక గుక్క పట్టి, “ఇది చెరువుగట్టు చెట్టుదిరా, నిన్నటిది ఉప్పునేలది” అనేవాడు. పోతుతాటి కల్లా, ఆడతాటి కల్లా చెప్పేవాడు. ఈతకల్లు చలికాలానిదని, తాటికల్లు ఎండాకాలానిదని, రెండింటి మధ్యా నాలుకకు సెలవనీ అనేవాడు. ఫ్రాన్సు బోర్దో వైన్ సీసా పక్కన ఎంత పొగరుగా కూర్చోబెట్టవచ్చో ఆ మాటల్ని! చెట్టు, నేల, ఋతువు, పూట, అన్నీ ఉన్నాయి.

1980ల్లో సర్కారు సారా ప్యాకెట్లు వచ్చాయి. ఆ పథకం పేరు వారుణి వాహిని. పాలసముద్రంలోంచి పుట్టిన మధుదేవత పేరు ప్లాస్టిక్ ప్యాకెట్టుకు! కల్లును నిలవ చెయ్యలేరు, లారీకెత్తి జిల్లా దాటించలేరు, సాయంత్రానికి పాడవుతుంది. లెక్కకూ పన్నుకూ లొంగనిది. ప్యాకెట్టు దేనికైనా లొంగుతుంది. మావయ్య ఆ ప్యాకెట్టు మూల పళ్ళతో కొరికి తలెత్తి పిండుకునేవాడు. అది ఎలా ఉందో ఆయన ఒక్కనాడూ చెప్పగా నేను వినలేదు. అంత మాటకారి మనిషి. ముందు ఆ మాటలు పోయాయి. తర్వాత చేను పోయింది. 1991లో ఆయనా పోయాడు. అప్పటికి 43 ఏళ్ళు.

కల్లును నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. కల్లులో క్లోరల్ హైడ్రేటూ ఆల్ప్రజోలమూ లాంటి మత్తుమందులు కలిపి జనాన్ని ఆస్పత్రి పాలు చేసిన కేసులు అందరం చదివాం. కలిపినవాడికి తెలుసు, తాగేవాడు రుచి అడగడని. అక్కడా అదే జబ్బు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆల్కహాలు ఎంత తక్కువైనా ఒంటికి క్షేమం అనగల మోతాదే లేదంది. వైన్ గుండెకు మంచిదని చెప్పుకు తిరిగే మా వాకింగు బృందం పెద్దమనుషులు ఇది చదవరు. నేను చదివాను, ఒప్పుకున్నాను. నెలకు రెండు గ్లాసులు తాగి, ఆ రెంటి గురించి నాలుగు పేజీలు రాసుకుంటాను. తాగనివాళ్ళను తాగమని నేనెన్నడూ అనను.

ఒకటి మాత్రం వంటింటి సలహాగా చెబుతాను, ఎందుకంటే దీని మీద హోటళ్ళవాళ్ళు జనాన్ని మోసం చేస్తున్నారు. గోంగూర మటనుతో గాఢమైన ఎర్ర వైన్ పెట్టకండి. నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటుంది. సుమారు 42 డిగ్రీల వేడి తగిలితే గానీ అది అరవదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడి లేకుండానే దాన్ని అరిపిస్తుంది. ఆల్కహాలు ఆ గీతను 34 డిగ్రీల దాకా దించేస్తుంది, అంటే ఒంటి వేడికే మంట పుడుతుంది. 14 శాతం వైన్, తేజ కారం, గోంగూర పులుపు, మూడూ ఒక నోట్లో పడితే ఎవరి రుచీ ఎవరికీ మిగలదు. కాస్త తీపి మిగిలిన, ఘాటు తక్కువైన షెనిన్ బ్లాఁ చల్లగా ఇస్తే నాటుకోడి పులుసు ముందు నిలబడుతుంది. గోంగూర ముందు ఏ వైనూ నిలబడదు. దానికి పెరుగన్నమే జోడీ.

మొన్నటి ఎన్నికల్లో మా రాష్ట్రంలో మందు పెద్ద ప్రచారాంశమైంది. 2019లో సర్కారు దుకాణాలు వచ్చి పాత పేర్లు మాయమై కొత్త పేర్లు పుట్టాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయలకు క్వార్టరు. ఒకరు ధర పెంచారని తిట్టుకున్నారు, ఇంకొకరు తగ్గిస్తామని ఓట్లడిగారు. రచ్చబండ దగ్గర, టీవీ చర్చల్లో, మా అపార్టుమెంటు మెట్ల మీద, అన్నిచోట్లా క్వార్టరు లెక్కలే. నాణ్యత మాట కూడా వినిపించింది, ప్రాణాలు పోతున్నాయా లేదా అన్నంత మేర. వేటపాలెం చుట్టుపక్కల జీడితోటల్లో గింజ తీసుకున్నాక కుళ్ళిపోయే జీడిమామిడి పండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. గోవావాళ్ళు అదే పండుతో ఫెనీ అనే మద్యం తీసి, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మన పాడేరు, రంపచోడవరం వైపు జీలుగు కల్లు ఉంది, ఇప్పపువ్వు ఉంది. వాటికి మన దగ్గర ఉన్న గుర్తింపల్లా ఎక్సైజు కేసు నంబరు.

జార్జియా నుంచి వస్తూ ఆ రాగిరంగు వైన్ రెండు సీసాలు తెచ్చాను. విమానాశ్రయంలో రెండు లీటర్ల దాకా అనుమతుంది కాబట్టి పేచీ రాలేదు. పేచీ ఇంట్లో వచ్చింది. మా అమ్మకు 81 ఏళ్ళు. ఫ్రిజ్జులో ఆ సీసా చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం నేను స్టీలు గ్లాసులో రెండు చెంచాలు పోసుకుని వరండాలో కూర్చుంటే వచ్చి పక్కన నిలబడింది.

“అదేనా?”

“అదేనమ్మా.”

“ఇటివ్వు.”

ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మా నాన్నతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, యార్డులో అడుగుపెట్టకపోయినా ఇంటికొచ్చిన ప్రతి కాయనూ అలాగే చూసేది. కాసేపటికి, “రేగు వడియాలు. ఎండకు పెట్టి తియ్యడం మర్చిపోయినవి” అంది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. అంతకంటే ఖచ్చితమైన మాట నాకు కఖేటిలో దొరకలేదు.

తాగలేదు. గ్లాసు నా చేతికిచ్చి లోపలికెళ్ళిపోయింది. ఆ గ్లాసును మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో కుళాయి పక్కన ఉంటుంది, కరివేపాకు మొక్కకు నీళ్ళు పొయ్యడానికి వాడుతున్నాం.